కాలవకు పైన రెండెకరాలు

మదనపల్లె వెళ్ళొచ్చానని చెబితే మా ఊళ్ళో అందరూ అడిగింది ఒకటే మాట: "హార్స్‌లీ హిల్స్ ఎక్కావా?" ఎక్కలేదు. కింద చేలో నిలబడి పైకి చూశానంతే. మేఘాలు కొండను తాకుతున్నాయో లేదో చూడటానికి వెళ్ళినవాళ్ళు వేరు. నేను వెళ్ళింది నేల చూడటానికి.

మాది నిజాంపట్నం వైపు, సముద్రానికి దగ్గరి పల్లె. కృష్ణ కాలవ ఆఖరి నేల. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో మా పెరటి బోరు నీళ్ళతో పప్పు ఉడికేది. ఇప్పుడు ఆ నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు తెలుస్తుంది. కోత ముందర తుఫాను పట్టుకోవడం ఒకప్పుడు ఎప్పుడో ఒకసారి జరిగేది. ఇప్పుడు పట్టుకోని ఏడాదిని గుర్తుపెట్టుకుంటున్నాం. చుట్టూ రొయ్యల చెరువులు లేచాక మధ్యలో ఇరుక్కున్న మా రెండెకరాల ముక్క వరికి పనికిరాకుండా పోయింది. దాన్నీ చెరువుకే అమ్మేశాం. ఇంటి దగ్గరి చేను మాత్రం ఉంచుకున్నాం.

అమ్మిన డబ్బుతో మళ్ళీ నేలే కొనాలన్నది నా పట్టు. మా ఆయన ఒప్పుకున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి రమ్య తానూ కొంత వేస్తానంది, ఒక షరతు మీద. "ఇంకో ఇరవై ఏళ్ళకు కూడా మనిషి బతకగలిగే వాతావరణం ఉన్నచోట కొనాలమ్మా. మదనపల్లె చల్లగా ఉంటుంది" అంది. నేలను చూసి చెప్పడం నాకు తెలుసు కాబట్టి చూసొస్తానన్నాను. మా ఆయన గేదెల దగ్గర ఉండిపోయారు. నేను ఇటునుంచి, రమ్య అటునుంచి బయల్దేరి మదనపల్లె బస్టాండులో కలుసుకున్నాం.

మదనపల్లె

మే నెల. చలి పెడుతుందని రమ్య చెబితే శాలువా తెచ్చుకున్నాను. తెల్లవారుజామున నిజంగానే గాలి హాయిగా ఉంది. టిఫిను తినేసరికి ఆ శాలువాతోనే మెడ తుడుచుకున్నాను. ఇడ్లీకి వేరుశనగ చట్నీ పోశారు, మా వైపు అల్లం పచ్చడి లేకుండా ఇడ్లీ దిగదు. కాఫీ మాత్రం చిక్కగా, పదిహేను రూపాయలకు గ్లాసు నిండా ఇచ్చాడు. నా అవస్థ చూసి హోటలాయన నవ్వాడు.

"శాలువా యాల తెచ్చుకున్యారమ్మా? మా నాయన కాలంలో ఈ ఊర్లో మే నెలలో కూడా ఫ్యాను తిప్పేవాళ్ళు కాదంట. ఇప్పుడు సూడండి, నా హోటల్లోనే నాలుగు తిరగతాండాయి."

మాకు భూములు చూపించే ఖాదర్ బాషా టమోటా మార్కెట్లో కలుస్తానన్నాడు. మార్కెట్టంటే నేను మా ఊరి సంత పెద్దదై ఉంటుందనుకున్నాను. లోపలికి వెళ్ళాక దారి వెతుక్కోవలసి వచ్చింది. ఎటు చూసినా మనిషెత్తు క్రేట్ల వరసలు. వేలం పాడేవాడు తెలుగులో మొదలుపెట్టి, తమిళంలోకి దిగి, హిందీలో ముగిస్తున్నాడు, ఎందుకంటే కొనేవాళ్ళు అన్ని వైపుల నుంచీ వచ్చారు. ఒక రైతు పాట ముగిసేదాకా తల ఎత్తకుండా తన కాయలనే చూస్తూ నిలబడ్డాడు. ధాన్యం కాటా దగ్గర మా ఆయన నిలబడే తీరు గుర్తొచ్చింది.

బాషాకు యాభై ఏళ్ళుంటాయి. ఫోనులో ఇంట్లోవాళ్ళతో ఉర్దూ, మాతో తెలుగు. పూర్వం టమోటా మండీలో పనిచేశాడట.

"టమోటా రేటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటమ్మా. గుండెకాయకు మంచిది కాదు. భూమి రేటు ఎక్కితే దిగదు కదా, అందుకని ఈ పని పట్టుకున్యా" అన్నాడు.

ఆయన ఆటోలోనే కొండ కిందికి వెళ్ళాం. ఎర్రనేల, తారు రోడ్డుకు దగ్గర. ఎదురుగా హార్స్‌లీ హిల్స్ నీలంగా నిలబడి ఉంది. రమ్య ముఖం వెలిగిపోయింది. బాషా ధర చెప్పాడు. మా రెండెకరాలు అమ్మిన డబ్బంతా పోస్తే అక్కడ అరెకరం వస్తుంది.

"ఈ నేలలో ఏముందని ఇంత ధర?" అన్నాను.

"నేలకు కాదమ్మా ఈ రేటు, గాలికి. బెంగళూరు వాళ్ళకు ఎండ తట్టుకోలేక కొండ కావల్ల. ఆడ నిలబడితే కొండ కనిపిస్తాండాది కదా, అదీ రేటు. రెండు చేన్లు అవతలికి పోతే చెట్లు అడ్డం, సగానికి సగం తగ్గిపోతాది" అన్నాడు. దాచలేదు, అది నాకు నచ్చింది.

చేను యజమాని ఎక్కడో ఉంటాడు. కౌలుకు చేస్తున్న రెడ్డెమ్మ అనే ఆవిడ టమోటా మొక్కలకు కట్టిన పురికొస విప్పుతోంది. నేను పక్కన కూర్చుని ఒక మొక్కను పట్టుకుని చూశాను. కొమ్మలు బాగున్నాయి, పూత లేదు. నేల మీద రాలిన పూలు ఎండి పసుపు పొడిలా ఉన్నాయి.

"ఎండకు పూత నిలబడతా లేదక్కా. పోయినేడు నిలబడింది. కాయ పండే టయానికి వాన పట్టుకుని అంతా పగిలిపాయె. పైన నీడకు వల కట్టి పెంచితే బాగుంటాదంట. కౌలు చేనుకు వల ఎవురు కడతారు?" అంది. తర్వాత మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఇల్లు కడతారా, సేద్యం చేస్తారా?" అని అడిగింది.

"సేద్యమే."

రెడ్డెమ్మ గట్టిగా నవ్వింది. వెక్కిరింత కాదు, నిజంగా నవ్వొచ్చి నవ్వింది. "ఈ రేటుకు కొని టమోటా పెడతావా! అక్కా, మీ పాప అయినా సెప్పలేదా నీకు?"

మధ్యాహ్నం తన సద్ది మాతో పంచుకుంది. రాగి సంగటి, ఊరిబిండి. వేరుశనగ గింజలు నూరి చేసే ఆ ఊరిబిండి కోసం నేను మళ్ళీ మదనపల్లె వెళ్ళగలను. సంగటి దగ్గర మాత్రం పరువు పోయింది. అన్నంలా నములుతుంటే పళ్ళకు అతుక్కుని నోరు పెగల్లేదు. "నమలకూడదక్కా, ఉండ చేసి మింగల్ల" అని చూపించింది. రెండో ఉండకు నేర్చుకున్నాను.

బయల్దేరే ముందు బోరు మోటారు వేసి చూపించమన్నాను. బాషా స్విచ్చు నొక్కాడు. గొట్టం కాసేపు గాలి కక్కింది. తర్వాత నీళ్ళు, మళ్ళీ గాలి, మళ్ళీ నీళ్ళు. మోటారు దగ్గుతున్న మనిషిలా ఉంది. రమ్య కొండ వైపు చూస్తోంది, నేను గొట్టం వైపు చూస్తున్నాను.

"బయానా ఇచ్చేద్దామా అమ్మా?" అంది.

"గాలిని కొనడానికైతే ఇద్దాం. సేద్యానికైతే వద్దు" అన్నాను.

రమ్య ముఖం ముడుచుకుంది. తిరిగి వచ్చేదాకా మాట్లాడలేదు. బాషా మాత్రం ఏమీ అనుకోలేదు. "సేద్యం చేసేవాళ్ళని శానా దినాలకు సూస్తాండా. పుంగనూరు దగ్గర ఒక మనిషి ఉండాడు, మునిరత్నం. కాలవకు పైన భూమి. ఎవురూ అడగరు. సూసి రాండి" అని నంబరు ఇచ్చాడు.

పుంగనూరు

మరునాడు బస్సులో వెళుతుంటే కండక్టరు, మా వెనక సీటు ఆమె, ముందు సీటు ముసలాయన, ముగ్గురూ మేము ఎందుకు వచ్చామో కనుక్కునేదాకా ఊరుకోలేదు. మా వైపు కూడా అడుగుతారు కానీ ఇంత నేరుగా అడగరు. భూమి కోసమని తెలియగానే ముగ్గురూ ఒకే మాట అన్నారు: కాలవ కింద కొనండి.

ఆ కాలవను మునిరత్నం గారి చేను దగ్గర నుంచి చూశాను. శ్రీశైలం దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్ళు కొండలూ గుట్టలూ దాటి ఇంత దూరం వస్తాయట. వేసవి కాబట్టి అడుగున కాసిని నీళ్ళే ఉన్నాయి. అయినా మా నది నీళ్ళు ఈ ఎత్తున కనబడేసరికి దూరదేశంలో పుట్టింటివాళ్ళు కనబడినట్టయింది.

"ఈ నీళ్ళు మావండీ" అన్నాను.

మునిరత్నం గారు అరవై దాటిన మనిషి, తలపాగా, సన్నటి మీసం. "మీవో మావో, నా చేనికైతే రావమ్మా. కాలవ కింద ఉండాది, నేను పైన ఉండా. కాలవ వచ్చినప్పటి నుంచి కింది భూముల రేటు రెండింతలు. పైవాటిని ఎవురూ మాట్లాడించరు" అన్నారు.

ఆయనకు నాలుగెకరాలు. వాలుగా దిగే నేల, దానికి పైన గుట్ట. గుట్ట వైపు రెండెకరాలు అమ్మకానికి పెట్టారు. మూడు బోర్లు వేశారట. మూడూ ఎండిపోయాయి. పైన రాళ్ళు మూసి ఉంచారు.

"ముందే సెప్తాండా. నీళ్ళు లేవు. సెప్పకుండా అమ్మితే నాకు సంగటి దిగదు" అన్నారు. ఆయన భార్య చంద్రమ్మ గారు పక్కనే నిలబడి, "ఇట్లే సెప్పి వచ్చినోళ్ళందర్నీ పంపించేస్తాండాడమ్మా" అన్నారు.

పాకలో రెండు పుంగనూరు ఆవులున్నాయి. వాటి పొట్టితనం గురించి విన్నాను కానీ, నా నడుం దగ్గరికి వచ్చే ఆవును చూసి దూడ అనుకుని, "తల్లి ఏదండీ?" అన్నాను. చంద్రమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "అదే తల్లి" అన్నారు. ఆ ఆవు మా గేదె తినేదాంట్లో నాలుగో వంతు తింటుందట. ఎండను లెక్కచేయదట. ఇప్పుడు పట్నం వాళ్ళు ఇంట్లో ముద్దుకు పెంచుకోవడానికి అడుగుతున్నారని, కానీ ఇచ్చేది లేదని చెప్పారు.

మజ్జిగ తాగుతుండగా గాలి ఆగిపోయింది. గుట్ట వెనక ఆకాశం నల్లబడింది. చేను చూద్దామని పది అడుగులు వేశామో లేదో వాన విరుచుకుపడింది. పాకలోకి పరుగెత్తాం. రేకుల మీద వడగళ్ళు పడుతుంటే ఒకరి మాట ఒకరికి వినబడలేదు. ఎదురుగా మామిడిచెట్టు కాయలు జారవిడుస్తోంది. ఆవులు మాత్రం నెమరు ఆపలేదు. మునిరత్నం గారు నా చెవి దగ్గర అరిచారు. "మునుపు వాన మెత్తగా పడతా ఉండె, నేల తాగతా ఉండె. ఇప్పుడు నెలల తరబడి రాదు. వస్తే ఇట్ల ఒక్క దెబ్బ!"

వడగళ్ళు ఆగాయి, వాన ఆగలేదు. నేను చెప్పులు విడిచి చేలోకి దిగాను. "అమ్మా, ఎక్కడికి?" అని రమ్య అరుస్తూనే ఉంది. గుట్ట మీది నుంచి నీళ్ళు ఎర్రగా, మరిగిన టీలా దిగుతున్నాయి. తెగిన గెనిమల మీదుగా, అంటే మా వైపు గట్లంటాం, వాటి మీదుగా దూకి, చేను నిలువునా పరుగెత్తి, దిగువ మూలకు చేరి, అక్కడ నేలను కోసుకుంటూ వాగులోకి, వాళ్ళ మాటలో వంకలోకి, పడిపోతున్నాయి. పోతూ పోతూ మట్టిని కూడా తీసుకుపోతున్నాయి.

మునిరత్నం గారు గొనెసంచి నెత్తిన వేసుకుని నా వెనకే వచ్చారు.

"ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయండీ?"

"వంకకు."

"వంక ఎక్కడికి?"

ఆయన చెయ్యెత్తి దిగువకు చూపించి దించేశారు. "ఎవురికీ కాకుండా పోతాయమ్మా" అన్నారు.

అప్పుడే నా కాలు జారింది. కూలబడిన చోటి నుంచి రెండు బారలు బురదలో జారి వెళ్ళాను. చంద్రమ్మ గారూ రమ్యా పరుగున వచ్చి చెరో రెక్క పట్టుకుని లేపారు. నిన్నటి అలక మరిచి రమ్య పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ చీర మీద ఎర్రమట్టి ఇప్పటికీ పోలేదు.

ఆ నేల నాకు నచ్చింది. కానీ మాట ఇవ్వలేకపోయాను. మా నేల పళ్ళెంలా ఉంటుంది. వాన పడితే మేం చేసే మొదటి పని నీళ్ళు బయటికి తోడడం. వాలులో పరుగెత్తే నీళ్ళను ఎలా పట్టాలో నేను పుట్టి పెరిగినచోట ఎవరికీ అవసరం పడలేదు. "చూసి చెబుతాం" అన్నాను. ఆ మాట చాలామంది దగ్గర విన్నారు కాబోలు, మునిరత్నం గారు తల ఊపి పాక వైపు నడిచారు.

శాంతిపురం, కుప్పం

రమ్యతో ఒకే గదిలో ఉండే అమ్మాయి అక్క గౌరమ్మది శాంతిపురం. తన చేను పక్కది కూడా అమ్మకానికి ఉందని ఆమె చెప్పడంతో పలమనేరు మీదుగా అటు వెళ్ళాం. గౌరమ్మా ఆమె భర్తా బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేవాళ్ళు. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు, సోమవారం రైలెక్కి శనివారం దిగుతాడు. ఆమె తిరిగి వచ్చేసి పట్టుపురుగులు పెంచుతోంది. ఊళ్ళో చాలా ఇళ్ళ సంగతి అంతే, ఒక కాలు చేలో, ఒక కాలు రైల్లో.

పురుగుల గది పైకప్పుకు సున్నం కొట్టి, దాని మీద కొబ్బరి మట్టలు పరిచి, కిటికీలకు తడి గోనెలు వేలాడదీసింది. లోపలికి వెళితే సన్నటి చినుకు పడుతున్నట్టు చప్పుడు. పురుగులు మల్బరీ ఆకు తినే చప్పుడట.

"ఈ సప్పుడు ఆగిపోతే నా గుండె ఆగిపోతాదక్కా. మొదట్లో రెండు తూర్లు ఎండకు ఆగిపాయె. పురుగు తల ఎత్తేసి, ఆకు ముట్టలేదు. అంతా గుంత తీసి పూడ్సినా. ఆయన బెంగళూరుకు వచ్చేయమన్యాడు. నేను పోలే" అంది గౌరమ్మ.

"ఎందుకు పోలేదు?" రమ్య అడిగింది.

"ఆడ మిషను ముందర కూర్సుంటే సాయంత్రానికి నాది అనేది ఏముంటాది సెప్పు? ఈడ తప్పు చేసినా నాదే, బాగుపడినా నాదే."

తర్వాత మమ్మల్ని చేలోకి తీసుకెళ్ళింది. వాలుకు అడ్డంగా వరసలు వరసలుగా కందకాలు తీసి ఉన్నాయి. వాటి మట్టే గెనిమ. దాని మీద గడ్డి నాటింది. అన్నిటికీ దిగువన పెద్ద కుంట. మే నెలలో, చుట్టూ చేలు ఎండి పగుళ్ళిచ్చిన రోజుల్లో, ఆ కుంట అడుగున నీళ్ళున్నాయి. చుట్టూ మల్బరీ పచ్చగా ఉంది.

"ఇంత జాగా కుంటకు ఇచ్చేశావా?" అన్నాను. నేల విలువ తెలిసినదాన్ని, గుండె చివుక్కుమంది.

"ఊరంతా ఇట్లే అనె. భూమిని తవ్వి పారేస్తాండాదని మా అత్త మూడు దినాలు మాట్లాడలే. ఇప్పుడు సూడండి, ఆ పక్క చేను, నా చేను ఒకటే మట్టి. దానికంటే నా చేనుకు జాస్తి ఇస్తామని అడగతాండారు. కుంట ఉండాదని. అమ్మేది లేదని పంపించేసినా."

కందకాలు ఎక్కడ తీయాలో ఎలా తెలిసిందని అడిగాను. అందులో గొప్పేమీ లేదన్నట్టు భుజాలెగరేసింది. "వాన పడినప్పుడు ఇంట్లో కూర్సోకూడదు. పార పట్టుకుని నీళ్ళ ఎనక పోవల్ల. యాడ ఉరకతాదో ఆడ రాయి ఎయ్యల్ల. రెండు వానలు తిరిగితే నీకే తెలిసిపోతాది."

నేను ఒక వాన తిరిగి, ఆ వానలో కింద కూడా పడ్డాను. ఇంకొకటి తిరిగితే చాలన్నమాట.

అమ్మకానికి ఉన్న పక్క చేను మరీ ఖరీదేమీ కాదు. రమ్యకు ఆశ పుట్టింది. గౌరమ్మ మాత్రం నేరుగానే చెప్పింది. "కొనొద్దని సెప్పను. గాని అది నా చేనికి దిగువన ఉండాది. నా కుంట నిండినాకనే దానికి నీళ్ళు. ఆ నిండేది ఎప్పుడో నేను మాట ఇయ్యలేను."

ఆ సాయంత్రం కుప్పం బస్టాండు పక్కన మల్లెపూలు కొంటూ అదే ఆలోచిస్తున్నాను. నేను తెలుగులో ధర అడిగితే పూలమ్మే ఆమె తమిళంలో చెప్పింది. రమ్య కన్నడంలో బేరమాడింది. చివరికి ముగ్గురం వేళ్ళు చూపించుకుని మూర ఇరవైకి ఒప్పుకున్నాం. మూర మాత్రం ఆమె మోచేతిది, నాకంటే పొట్టి మనిషి. రెండు అడుగులు వేశాక ఆ సంగతి తెలిసి నవ్వుకున్నాను.

నవ్వుతూనే ఆగిపోయాను. "రమ్యా, మునిరత్నం గారి చేనుకు పైన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. గుట్టే కదా."

"అదే. ఆ గుట్ట మీద పడిన ప్రతి చుక్కా ముందు ఆ చేలోకే రావాలి. కాలవకు పైన ఉందని దాన్ని ఎవరూ అడగడం లేదు. కింద కాలవ ఎవరి దయ మీదో నిండాలి. పైన గుట్ట ఎవరి దయా లేకుండా నీళ్ళిస్తుంది. మనం పట్టుకోవాలంతే."

రమ్య కొండ గురించి మళ్ళీ మాట్లాడలేదు. "ఆ గుట్ట కూడా కొంచెం కొండలాగే ఉంటుందిలే" అంది.

మళ్ళీ పుంగనూరు

మేం వెళ్ళేసరికి మునిరత్నం గారు పారతో దిగువ మూల నిలబడి ఉన్నారు. వాన కోసిన గండికి రాళ్ళు పేర్చారు. నేను కొంటానని చెప్పగానే ఆయన ముఖం విప్పారుతుందనుకున్నాను. పార నేలకు గుచ్చి, "అమ్మనమ్మా" అన్నారు.

చంద్రమ్మ గారు గెనిమ మీద కూర్చుని ఉన్నారు. "మీరు అడిగి పోయినప్పటి నుంచి ఇంతే. నీళ్ళు యాడికి పోతాయని అడిగినారంట. ఇన్నేండ్లు నేను ఆ మాట అడగలేదే అని ఒకటే కూర్సోనుండాడు. మళ్ళా బోరు ఏస్తాడేమో అని నాకు భయంగా ఉండాది" అన్నారు.

"బోరు కాదే, కుంట" అన్నారు ఆయన.

"కుంట తవ్వను దుడ్డు యాడిది?"

నా దగ్గర ఉంది. పై రెండెకరాలు నాకు అమ్మి, కింద రెండెకరాల్లో కుంట తవ్వండి, ఖర్చు నేను పెడతాను, నీళ్ళు చెరి సగం అన్నాను. మునిరత్నం గారు తల అడ్డంగా ఊపారు.

"కుంట నా చేన్లో, కర్చు మీది. రేపు మీ తరమో నా తరమో పోయినాక కొట్లాట ఖాయం. అది వద్దు" అన్నారు.

మాట నిజమే. అప్పుడు చంద్రమ్మ గారు లేచి, ఒక పుల్ల తీసుకుని తడి మట్టిలో చేను బొమ్మ గీశారు. పైనా కిందా అని అడ్డంగా కోయాల్సిన గీతను చేత్తో చెరిపేసి, గుట్ట దగ్గర నుంచి దిగువ దాకా నిలువుగా గీత గీశారు.

"ఇట్ల కోస్తే? ఇద్దరికీ గుట్ట ఉండాది, ఇద్దరికీ దిగువ ఉండాది. నడిమి గెనిమ మీద కుంట. సగం మీది, సగం మాది. నిండితే ఇద్దరికీ నిండుతాది, ఎండితే ఇద్దరికీ ఎండుతాది."

ఇందులో అనడానికి ఏమీ మిగల్లేదు. రమ్య ఆ బొమ్మకు ఫోటో తీసుకుంది.

మునిరత్నం గారు గొంతు సవరించుకుని, "అయితే రేటు ముందర సెప్పినది కాదమ్మా, కొంచెం ఎక్కువ. ఇప్పుడు ఇది కుంట వచ్చే భూమి కదా" అన్నారు.

నాకు కోపం రాబోయి నవ్వొచ్చింది. నీళ్ళు ఎక్కడికి పోతాయని అడిగింది నేను. ఆ ప్రశ్నతో ధర పెరిగింది. ఆ పెరిగిన ధర కట్టేదీ నేనే. బేరమాడాను, మా వైపువాళ్ళం బేరంలో తక్కువ తినం. పెంచినదాంట్లో సగం తగ్గించారు. మిగతా సగం ఇవ్వడంలో నాకు బాధ లేదు. కాలవ కింది నేలకు ఊరంతా ధర కట్టింది. ఈ నేలకు మేమిద్దరం కట్టుకున్నాం.

ఆ రోజు చంద్రమ్మ గారింట్లో భోజనం. నాటుకోడి పులుసు, సంగటి. నమలకుండా మింగడం చూసి ఆవిడ మెచ్చుకున్నారు. బయానా చేతికిస్తే మునిరత్నం గారు కళ్ళకద్దుకుని ఆమెకిచ్చారు. వెళ్ళేటప్పుడు బాషాకు ఫోను చేసి చెప్పాను. "కాలవకు పైన కొన్యారా!" అని ఆశ్చర్యపోయి, తన కమీషను సంగతి మాత్రం మరిచిపోకుండా గుర్తుచేశాడు.

ఇంటికి వచ్చాక

రిజిస్ట్రేషనుకు మా ఆయనను కూడా తీసుకెళ్ళాను. పొట్టి ఆవులను చూసి ఆయనా "తల్లి ఏదీ?" అనే అన్నారు. ఆ తర్వాత జేసీబీ పెట్టి కుంట తవ్వించాం. మనిషి లోతు దాటగానే బండ తగిలింది. అనుకున్నంత లోతు రాలేదు, అందుకని వెడల్పు పెంచాం. కందకాలు చంద్రమ్మ గారు కూలీలను పెట్టి తీయించారు. ఎక్కడ తీయాలో గౌరమ్మ శాంతిపురం నుంచి వచ్చి గుర్తులు పెట్టి వెళ్ళింది. కూలి పుచ్చుకోలేదు, వేరుశనగ కాయలు మాత్రం మూట కట్టుకుపోయింది.

మా దగ్గర చేసిన వ్యవసాయం అక్కడ పనికిరాదని నాకు తెలుసు. ఏదో ఒక ఏడాది కుంట నిండకపోవచ్చు. ఎండ ఇంకా పెరగవచ్చు. అయినా సముద్రం పక్కన ఉప్పుతో పోట్లాడినదాన్ని, ఎర్రమట్టితో పోట్లాడలేనా? వెళ్ళే ముందు ఏ నేలైనా కాలవను బట్టి, రోడ్డును బట్టి చూసేదాన్ని. ఇప్పుడు ఎవరైనా భూమి చూపిస్తే, వాన పడేటప్పుడు చూపించండి అంటున్నాను.

ఈరోజు మధ్యాహ్నం గేదెలకు కుడితి పెడుతుంటే మునిరత్నం గారు ఫోను చేశారు. వెనకాల ఎవరో పెద్దగా మాట్లాడుతున్నారు, చంద్రమ్మ గారి గొంతే.

"అమ్మా, రాత్రి వాన పడింది. వంకలోకి ఒక్క చుక్క పోలే. కుంటలో నడుం లోతు ఉండాది. మా ఇంటామె దిగి సూసింది."

మా ఆయన పక్కనుంచి, "వరి వేయమను" అన్నారు. కళ్ళతోనే ఊరుకోమన్నాను.

"సెనక్కాయ ఏద్దామా, మధ్యలో కంది సాళ్ళు ఏద్దామా? ఏదైనా సెప్పు, ఇద్దరమూ ఒకటే ఏస్తే నీళ్ళకు తగువుండదు" అన్నారు మునిరత్నం గారు.

"రెండూ వేద్దాం. గట్ల మీద ఆవులకు జొన్న కూడా. కానీ నేను వచ్చేదాకా ఒక్క గింజ నేలలో పడకూడదు."

"అయితే బిన్నా రా అమ్మా, జాగు సేయొద్దు. పదును ఆరిపోతే భూమి ఎవురి కోసమూ నిలబడదు."

కుడితి బిందె మా ఆయన చేతిలో పెట్టి, చీరలు సర్దుకోవడానికి లోపలికి వెళ్ళాను. సాయంత్రం బండికే బయల్దేరుతున్నాను.